మెదడు ఎంత చెప్పాలి, యంత్రం ఎంత చూసుకోవాలి

తల మీద ఎలక్ట్రోడ్ పెడితే అందే మెదడు విద్యుత్తు మహా అయితే కొన్ని పదుల మైక్రోవోల్టులు. ఒక్కసారి కన్నార్పితే అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద అల వచ్చి దాన్ని కప్పేస్తుంది. దవడ బిగిస్తే కండరాల విద్యుత్తు తోడవుతుంది, దగ్గర్లో కరెంటు వైరు ఉంటే 50 లేదా 60 హెర్ట్జ్ రొద వచ్చి చేరుతుంది. పైగా మెదడు పైపొరలో ఒక చోట పుట్టిన సంకేతం పుర్రె దాటి చర్మం దాకా వచ్చేసరికి తడి గుడ్డ మీద పడ్డ సిరా చుక్కలా నాలుగు వైపులా పాకిపోతుంది. ఆపరేషన్ లేకుండా, తల బయటి నుంచే మెదడుతో కంప్యూటర్‌ను నడపాలనుకునే వాళ్ల చేతిలో ఉన్న ముడిసరుకు ఇదే.

ఈ సంకేతం కొత్తదేమీ కాదు. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి తల మీద నుంచి ఈ అలల్ని పట్టుకుని, 1929లో ప్రచురించాడు. ఇలా నమోదు చేయడాన్నే ఈఈజీ అంటారు. వాటితో కంప్యూటర్‌ను నడపొచ్చన్న ఆలోచనను 1973లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ విడాల్ పరిశోధన పత్రంగా రాశాడు. బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్, అంటే బీసీఐ, అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. అప్పటి నుంచి యాంప్లిఫయర్లు, కంప్యూటర్లు, అల్గారిదమ్‌లు ఎంతో మారాయి. పుర్రె మాత్రం అదే. అందుకే ఈ రంగంలో గట్టి ముందడుగులు చాలావరకు సంకేతాన్ని ఇంకాస్త శుభ్రం చేయడం వల్ల కాక, దాన్ని వాడుకునే పద్ధతి మార్చడం వల్ల వచ్చాయి. మనిషిని ఏం చేయమని అడగాలి, నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి, మిగతా పని ఎవరికి అప్పగించాలి అన్నవి కంట్రోల్ స్ట్రాటజీకి, అంటే నడిపే పద్ధతికి, సంబంధించిన ప్రశ్నలు. సంకేతాన్ని చదివి ఆదేశంగా మార్చే డీకోడర్ ప్రోగ్రామ్ కచ్చితత్వం మీద పెట్టే శ్రద్ధ వీటి మీదా పెట్టాలి. వాడే మనిషికి తేడా తెలిసేది ఇక్కడే.

మనిషిని ఏం చేయమనాలి

చెయ్యి కదలకుండా ఉన్నప్పుడు, మెదడులో ఆ చేతిని నడిపే చోట 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య మ్యూ లయ అనే ఒక తీరైన అల నడుస్తుంటుంది. చెయ్యి కదిపితే ఆ లయ బలహీనపడుతుంది. కదిపినట్టు ఊహించుకున్నా బలహీనపడుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్ బృందం ఈ మార్పునే ఆధారం చేసుకుని ఏళ్ల తరబడి పనిచేసింది. కుడి చెయ్యి ఊహించుకుంటే మార్పు ప్రధానంగా తల ఎడమ వైపు సీ3 అనే ఎలక్ట్రోడ్ దగ్గర కనిపిస్తుంది. ఎడమ చెయ్యి అయితే కుడి వైపు సీ4 దగ్గర, పాదాలైతే నడినెత్తిన సీజెడ్ దగ్గర. ఇలా మూడు నాలుగు ఊహలు, మూడు నాలుగు ఆదేశాలు.

ఊహించుకోవడం అన్నది వినడానికి సులువు. కానీ చెయ్యి కదులుతున్న దృశ్యాన్ని మనసులో సినిమాలా చూస్తే సంకేతం సరిగా రాదు. పిడికిలి బిగుసుకుంటున్నప్పటి బిగువు, మణికట్టు తిరుగుతున్నప్పటి లాగుడు లోపల అనుభవించాలి. ఈ తేడా సరిగా చెప్పకుండానే ఎన్నో ప్రయోగాలు మొదలవుతాయి. "కుడి చెయ్యి ఊహించుకోండి" అని తెర మీద బాణం గుర్తు వేసి వదిలేస్తారు. ఆ తర్వాత ఫలితం రాకపోతే లోపం వాడే మనిషి మీదకు నెట్టడం అన్యాయం. కదలికల ఊహతో నడిచే వ్యవస్థలు 15 నుంచి 30 శాతం మందికి సరిగా పట్టుబడవని ఈ రంగంలో ఒక అంచనా ఉంది. దానికి చాలాకాలం "బీసీఐ నిరక్షరాస్యత" అని పేరు పెట్టారు. ఆ మాట వదిలేయాలన్న వాదన సబబైనదే. కొందరి మెదడు పైపొర మడతల అమరిక వల్ల సంకేతం తల పైకి బాగా అందదు, ఇంకొందరికి నేర్పిన తీరే సరిపడదు. రెండింటిలోనూ వాళ్ల తప్పు లేదు.

కదలికల ఊహలో ఒక అందం ఉంది. ఆదేశం పూర్తిగా మనిషి లోపలి నుంచి వస్తుంది, బయటి నుంచి ఏ ప్రేరణా అక్కర్లేదు. అమెరికాలోని ఆల్బనీలో జొనాథన్ వోల్పా బృందం 1991లో ఇలాంటి లయలతో కర్సర్‌ను ఒకే గీత మీద కదిలించింది, 2004లో తెర మీద రెండు దిశల్లోనూ నడిపించింది. రెండోసారి పాల్గొన్న నలుగురిలో ఇద్దరు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు. అక్కడ డీకోడర్ చేసిన పని పెద్దదేమీ కాదు. లయల బలాలను ఒక విధంగా కలిపి నిలువు కదలికకు, ఇంకో విధంగా కలిపి అడ్డం కదలికకు వాడింది, సాధన సాగేకొద్దీ ఆ లెక్కను కొద్దికొద్దిగా సవరించుకుంది. కష్టపడి నేర్చుకున్నది మాత్రం మనుషులే.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఒకటుంది. మనిషిని ఏదీ తయారు చేయమని అడగకుండా, యంత్రమే ఏదో ఒకటి చూపించి మెదడు స్పందనను గమనించవచ్చు. 1988లో లారెన్స్ ఫార్వెల్, ఇమాన్యుయెల్ డాంచిన్ చేసిన అక్షరాల పలక ఇందుకు మంచి ఉదాహరణ. ఆరు వరుసలు, ఆరు నిలువు వరుసలు, మొత్తం 36 గడులు. వరుసలు ఒక్కొక్కటిగా మెరుస్తుంటాయి. కావలసిన అక్షరం మీద దృష్టి నిలిపి, అది మెరిసినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకుంటే చాలు. ఎదురుచూస్తున్నది కనబడిన సుమారు 300 మిల్లీసెకన్లకు, లేదా ఇంకాస్త తర్వాత, మెదడులో పీ300 అనే అల లేస్తుంది. ఏ అడ్డు వరుసకు, ఏ నిలువు వరుసకు అది లేచిందో తెలిస్తే అక్షరం దొరికినట్టే. ఒక్క మెరుపుకు వచ్చే అల రొదలో కనబడకుండా పోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ మెరిపించి సగటు తీస్తారు. ఆలస్యం అంతా అక్కడే.

వేగం విషయంలో అందర్నీ మించింది ఇంకో పద్ధతి. ఒక గడి సెకనుకు 10 సార్లు మిణుకుమంటుంటే, దాన్ని చూస్తున్న మనిషి తల వెనుక భాగంలో 10 హెర్ట్జ్ అల బలంగా కనిపిస్తుంది. ప్రతి గడికీ వేరే వేగం ఇస్తే, ఎటు చూస్తున్నాడో తెలిసిపోతుంది. చైనాలోని సింగ్‌హువా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించిన కీబోర్డులో 40 గడులు ఉండేవి. వాటి వేగాలు 8 హెర్ట్జ్ నుంచి 15.8 హెర్ట్జ్ దాకా, ఒక్కో గడికి కేవలం 0.2 హెర్ట్జ్ తేడా. పక్క గడుల అలలు కలిసిపోకుండా వాటి దశల్ని, అంటే అల మొదలయ్యే సమయాల్ని, కూడా ఒకదానికొకటి జరిపి పెట్టారు. అర సెకను చూపు మార్చుకోవడానికి, అర సెకను మిణుకు చూడటానికి. ప్రయోగశాలలో నిమిషానికి దాదాపు 60 అక్షరాల దాకా వచ్చాయి. తల బయటి సంకేతంతో ఇది అద్భుతమైన ఫలితం.

అయితే దీని ధర కళ్లు చెల్లిస్తాయి. మిణుకుమిణుకుమనే తెరను గంటసేపు చూడటం చాలామంది వల్ల కాదు, కొన్ని రకాల మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం కూడా. ఇంకో చిక్కు ఇంతకన్నా లోతైనది. చూపును ఇష్టం వచ్చినట్టు తిప్పగలిగిన మనిషికి కంటి చూపును పట్టే మామూలు కెమెరా చాలావరకు అదే పని చేసిపెడుతుంది, ఎలక్ట్రోడ్ల టోపీ, వాటి కింద రాసే జెల్ అక్కర్లేకుండా. పీ300 పలక కూడా అనుకున్న దానికంటే ఎక్కువగా చూపు మీదే ఆధారపడుతుందని 2010లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. చూపు తెర మధ్యలోనే నిలిపి, ధ్యాసను మాత్రం అక్షరం మీదకు మళ్లించమంటే కచ్చితత్వం బాగా పడిపోయింది. బీసీఐ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నవాళ్లు, అంటే కండరాలను క్రమంగా చచ్చుబడేసే ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు ముదిరి కళ్లు కూడా మొరాయిస్తున్నవాళ్లు, సరిగ్గా ఇక్కడే వెనకబడిపోతారు. వేగం పట్టికల్లో ఈ సంగతి కనిపించదు.

ఆదేశం లేదన్న సంగతి ఎలా తెలుస్తుంది

పైన చెప్పినవన్నీ ఒక విషయాన్ని ముందే అనుకుని మొదలవుతాయి. మనిషి ఆ క్షణంలో ఆదేశం ఇవ్వాలనుకుంటున్నాడని. ప్రయోగశాలలో బీప్ మోగుతుంది, బాణం కనబడుతుంది, నాలుగు సెకన్లు ఊహించుకోవాలి, తర్వాత విశ్రాంతి. జీవితంలో బీప్ మోగదు. మనిషి కిటికీలోంచి బయటకు చూస్తుంటాడు, ఎవరితోనో మాట్లాడుతుంటాడు, నిద్రలోకి జారుకుంటాడు. ఆ సమయమంతా యంత్రం ఊరకే ఉండాలి. ఎడమా కుడీ తేల్చడం కంటే, అసలు ఆదేశం ఉందా లేదా తేల్చడమే కష్టమైన పని.

ఒక చిన్న లెక్క వేస్తే కష్టం ఎంతో తెలుస్తుంది. డీకోడర్ సెకనుకు 16 సార్లు నిర్ణయం తీసుకుంటోంది అనుకుందాం. మనిషి ఏమీ కోరనప్పుడు అది నూటికి ఒక్కసారే పొరబడుతుంది అనుకుందాం. 99 శాతం కచ్చితత్వం అంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ నిమిషానికి 960 నిర్ణయాల్లో దాదాపు 10 తప్పుడు ఆదేశాలు. వీల్‌చెయిర్ నిమిషానికి పదిసార్లు తనంతట తాను కదిలితే అందులో ఎవరు కూర్చుంటారు?

అందుకే ఒక్కో నిర్ణయాన్ని వెంటనే నమ్మరు. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో హోసే మియాన్ బృందం వాడిన పద్ధతిలో ప్రతి చిన్న నిర్ణయమూ ఒక సాక్ష్యం లెక్కలోకి వెళ్తుంది. సాక్ష్యం ఒక వైపుకు పేరుకుంటూ పోయి, గీత దాటితేనే ఆదేశం వెలువడుతుంది. మనసు మార్చుకుంటే లెక్క వెనక్కి జారుతుంది. తెర మీద ఒక పట్టీ నిండుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, తన ఆదేశం ఎంతవరకు వచ్చిందో మనిషికి కనబడుతూనే ఉంటుంది. ఆదేశం కొంచెం ఆలస్యంగా వెళ్తుంది, తప్పులు బాగా తగ్గుతాయి. ఆ గీత ఎంత ఎత్తులో పెట్టాలన్నది పని మీద ఆధారపడాలి. పాట మార్చడానికి తక్కువ ఎత్తు చాలు. గుమ్మం దాటడానికి ఎక్కువ కావాలి. అన్ని పనులకూ ఒకే గీత పెట్టి "సగటు కచ్చితత్వం" అని చూపించే వ్యవస్థను నమ్మడం కష్టం. ఇంకో మార్గం, రెండు సంకేతాల్ని జోడించడం. పాదాల ఊహతో మిణుకుల పలకను ఆన్ చేసి, పని అయ్యాక అదే ఊహతో ఆపేయడం లాంటివి. వీటిని హైబ్రిడ్ బీసీఐలు అంటారు.

తప్పుల ఖర్చు రాతలోనూ ఇలాగే మోసం చేస్తుంది. తప్పు అక్షరం పడితే చెరపాలి, చెరపడానికీ అదే పలక మీద బ్యాక్‌స్పేస్ ఎంచుకోవాలి, అందులోనూ తప్పు జరగొచ్చు. లెక్క వేస్తే 90 శాతం కచ్చితత్వంతో ఒక సరైన అక్షరానికి సగటున 1.25 ఎంపికలు పడతాయి. 70 శాతంతో 2.5 ఎంపికలు. 50 శాతానికి దిగితే రాత ఎప్పటికీ ముందుకు పోదు. 70 శాతం దాటితే బీసీఐని వాడుకోవచ్చని పత్రాల్లో తరచూ అంటుంటారు. ఒక్క మాట రాయడానికి అన్నిసార్లు చెరుపుకునే మనిషి మాత్రం దాన్ని వాడుకోవడం అనడు.

గమ్యమా, స్టీరింగా

నిమిషానికి కొన్ని ఆదేశాలే పంపగలిగినప్పుడు, వాటిని దేనికి ఖర్చుపెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఒక దారిలో మనిషే ప్రతి కదలికనూ నడుపుతాడు. 2013లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బిన్ హీ బృందం ఇలా ఒక చిన్న డ్రోన్‌ను వ్యాయామశాలలో వేలాడదీసిన రింగుల గుండా ఎగిరించింది. ఎడమ చెయ్యి ఊహిస్తే ఎడమకు, కుడి చెయ్యి ఊహిస్తే కుడికి, రెండు చేతులూ ఊహిస్తే పైకి. ఇంకో దారిలో మనిషి గమ్యం చెబుతాడు, దారి యంత్రం చూసుకుంటుంది. సింగపూర్ పరిశోధకులు చేసిన వీల్‌చెయిర్‌లో పీ300 పలక మీద చేరాల్సిన చోటును ఎంచుకుంటే, ముందే గుర్తుపెట్టిన దారుల వెంట అది వెళ్లిపోతుంది. మధ్యలో మనసు మారితే ఆపడానికి మాత్రం వేరే, త్వరగా పనిచేసే ఆదేశం పెట్టారు. ఆ వీల్‌చెయిర్‌లో అన్నిటికన్నా ఆలోచించి చేసిన పని బహుశా ఇదే. గమ్యం ఎంచుకోవడానికి పది సెకన్లు పట్టినా ఫర్వాలేదు, ఆగడానికి పది సెకన్లు పట్టకూడదు. రెండు ఆదేశాల అవసరాలు వేరు కాబట్టి రెండింటికీ ఒకే పద్ధతి వాడలేదు.

రోజువారీ పనికి గమ్యం చెప్పే దారే మేలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా గ్లాసు అందుకునేటప్పుడు ఒక్కో కండరాన్ని తలచుకుని కదపడు, వెన్నుపాము, చిన్నమెదడు ఆ వివరాలు చూసుకుంటాయి. అవి చేసే పనిని బలహీనమైన ఈఈజీ మీద రుద్దడం అనవసరపు భారం. మనిషికి అలసట కూడా ఎక్కువ.

కానీ గమ్యాల జాబితా ముందే రాసి పెట్టాలి, చిక్కంతా అక్కడ. జాబితాలో లేనిది మనిషి కోరలేడు. వంటగది, పడకగది, వరండా అని మూడు ఉంటే, వరండా దాటి ఎండలోకి వెళ్లాలనిపించినప్పుడు ఆ కోరిక చెప్పడానికి మాటే ఉండదు. ఈ రెండింటి మధ్య ఉన్నది భాగస్వామ్య నియంత్రణ. మనిషి ఎడమ, కుడి అని స్థూలంగా చెబుతాడు, వీల్‌చెయిర్ తన సెన్సర్లతో గోడనూ తలుపునూ చూసి మలుపు ఎంత తీసుకోవాలో తేల్చుకుంటుంది. ఈపీఎఫ్ఎల్ వీల్‌చెయిర్లు ఈ పద్ధతిలోనే నడిచాయి. ఇక్కడ యంత్రం మరీ తెలివి చూపించినా ఇబ్బందే. తన ఆదేశం వల్ల కదిలిందో, దానంతట అదే కదిలిందో తెలియకపోతే మనిషి నేర్చుకోవడం ఆగిపోతుంది, నమ్మకమూ పోతుంది.

పక్షవాతం తర్వాత చేసే పునరావాస చికిత్సలో ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. అక్కడ చెయ్యి తెరుచుకోవడం కన్నా, తెరవాలని మెదడు చేసే ప్రయత్నమే ముఖ్యం. ప్రయత్నం జాడ ఈఈజీలో కనబడిన ఆ క్షణంలోనే కండరాలకు విద్యుత్ ప్రేరణ ఇస్తారు. అడక్కుండానే యంత్రం సాయం చేసేస్తే చికిత్సలో సారమే పోతుంది. ఒకే టోపీ, ఒకే సంకేతం, ఒకే డీకోడర్. ఉద్దేశం మారినందుకు పని పంపకం పూర్తిగా మారిపోయింది.

అడగకుండానే అందే సమాచారం

తప్పు జరిగిందని గమనించినప్పుడు మెదడులో దానికంటూ ఒక స్పందన లేస్తుంది. మనిషి తానే పొరబడినా లేస్తుంది, యంత్రం పొరబడటం చూసినా లేస్తుంది. 2017లో ఎంఐటీ, బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బాక్స్టర్ అనే రోబోతో ఇది చూపించారు. రోబో రెండు పెట్టెల్లో ఏదో ఒక దాని వైపు చెయ్యి చాస్తుంది. చూస్తున్న మనిషి మెదడులో "తప్పు" స్పందన పట్టుబడితే రెండో దాని వైపు మళ్లుతుంది. మనిషి ఏ ఊహా చేయనక్కర్లేదు, మిణుకులు చూడనక్కర్లేదు, చూస్తూ ఉంటే చాలు.

కంట్రోల్ స్ట్రాటజీగా దీని విలువ చాలా ఎక్కువ. పైన చెప్పిన బ్యాక్‌స్పేస్ బాధను ఇది తగ్గించగలదు, తప్పు అక్షరం పడగానే ఆ స్పందన చూసి యంత్రమే చెరిపేయవచ్చు. అయితే ఆ స్పందనను గుర్తించడంలోనూ తప్పులుంటాయి. సరైన అక్షరాన్ని చెరిపేస్తే నష్టం రెట్టింపు. ఎంపికలు అప్పటికే 95 శాతం సరిగా ఉన్న మనిషికి దీనివల్ల మేలు కంటే కీడు జరగవచ్చు, 75 శాతం దగ్గర తంటాలు పడే మనిషికి బాగా ఉపయోగపడవచ్చు.

2016లో జర్మనీ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. కర్సర్ తనంతట తాను గడి నుంచి గడికి కదులుతుంటే, ప్రతి కదలిక తర్వాత మెదడు స్పందనను చూసి, అది గమ్యం వైపు వెళ్లేలా నేర్పించారు. చూస్తున్నవాళ్లకు తాము కర్సర్‌ను నడుపుతున్నామన్న సంగతి తెలియదు. సాంకేతికంగా ఇది గొప్ప విజయం. అదే సమయంలో గట్టి హెచ్చరిక కూడా. మనిషి ఇచ్చానని అనుకోని ఆదేశాన్ని యంత్రం తీసుకోగలిగితే, ఏది ఆదేశంగా లెక్కించాలో మనిషి ముందే ఒప్పుకుని ఉండాలి.

ఇద్దరూ నేర్చుకోవాలి

2016లో జూరిక్‌లో జరిగిన సైబాథ్లాన్ పోటీల్లో చేతులు, కాళ్లు కదపలేనివాళ్లు తెర మీది బొమ్మను మెదడుతో పరిగెత్తించారు. దారిలో మూడు రకాల రంగు ప్రాంతాలు, ఒక్కోదానికి ఒక్కో ఆదేశం. నాలుగో రకంలో ఏ ఆదేశమూ పంపకూడదు, పంపితే బొమ్మ నెమ్మదిస్తుంది. పోటీ రూపొందించినవాళ్లు ఊరకే ఉండగలగడాన్ని కూడా ఒక నైపుణ్యంగా లెక్కించడం మెచ్చుకోదగ్గది. స్వర్ణం గెలిచిన ఈపీఎఫ్ఎల్ జట్టు పోటీకి ముందు నెలల తరబడి సాధన చేసింది. తర్వాత 2018లో ప్రచురించిన విశ్లేషణలో వాళ్లు గట్టిగా చెప్పిన మాట ఇది: డీకోడర్ మనిషిని నేర్చుకోవడంతో పాటు, మనిషి సంకేతం కూడా వారాలు గడిచేకొద్దీ స్పష్టంగా మెరుగుపడింది.

డీకోడర్‌ను ప్రతిరోజూ కొత్తగా మార్చేస్తే మనిషి నేర్చుకున్నది పనికిరాకుండా పోతుంది. అసలు మార్చకపోతే, అలసట వల్లో ఎలక్ట్రోడ్లు కాస్త జరగడం వల్లో సంకేతంలో వచ్చిన మార్పును అది పట్టుకోలేదు. అరుదుగా, చిన్న చిన్న మోతాదుల్లో మార్చడం మంచిదని అనుభవం చెబుతోంది. లోతైన న్యూరల్ నెట్‌వర్క్‌లు వచ్చాక ఈ ఓపిక తగ్గుతున్నట్టుంది. డేటా ఎక్కువైతే అన్నీ సర్దుకుంటాయన్న ఆశ అందుకు కారణం.

ప్రయోగశాల దాటి ఇంట్లో నిలబడినవి కొన్నే. జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ పరిశోధకుల సాయంతో ఏఎల్‌ఎస్ ఉన్న చిత్రకారులు ఇంట్లోనే పీ300 పలకతో బొమ్మలు వేశారు. పలక మీద అక్షరాలకు బదులు ఆకారాలు, రంగులు, బ్రష్ పరిమాణాలు ఉంటాయి. టోపీ పెట్టడం, జెల్ వేయడం ఇంట్లోవాళ్లే నేర్చుకున్నారు, పరిశోధకులు పక్కన లేకుండానే ఇది ఏళ్ల పాటు సాగింది. అక్కడ వేగం ఎవరూ అడగలేదు. ఒక రంగు ఎంచుకోవడానికి నిమిషం పట్టినా బొమ్మకు వచ్చే నష్టం లేదు, తప్పు గీత పడితే చెరపడానికి ఒక గడి ఉంది. నెమ్మదిగా, కానీ కచ్చితంగా వచ్చే ఎంపికల పద్ధతికి ఆ పని సరిగ్గా సరిపోయింది. అదే పలకను వీల్‌చెయిర్ బ్రేకుకు తగిలిస్తే అంతే కచ్చితంగా విఫలమవుతుంది. కొత్త వ్యవస్థ వచ్చిందని చదివినప్పుడు కచ్చితత్వం శాతం కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. వాడింది ఎవరు, వాళ్ల కళ్లు కదులుతున్నాయా, ఏ పనికి వాడారు, ఆపాలనుకున్నప్పుడు అది ఎంతసేపట్లో ఆగింది.